సొంత ఊళ్లో ఆసరా లేనివాళ్లకు విదేశం నుంచి నెలనెలా సాయం చేయడం ఎలా?

“మా ఊళ్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు ఏదైనా చేద్దామనుంది. డబ్బు ఎవరికి పంపమంటారు?” సంక్రాంతి దగ్గరపడిందంటే ఈ ప్రశ్న నాకు వరసగా వస్తుంది. అమ్మానాన్నల సంవత్సరీకం దగ్గరపడినవాళ్లు, పిల్లల పుట్టినరోజుకి ఒక మంచిపని చేద్దామనుకునేవాళ్లు, గల్ఫ్‌లో పనిచేస్తూ నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టగలిగినవాళ్లు, అందరూ అడిగేది ఇదే. అందుకే జవాబంతా ఒకచోట రాస్తున్నాను.

మా ఊరివాళ్లం 7 మందిమి కలిసి 9 ఏళ్లుగా ఊళ్లో 23 మందిని చూసుకుంటున్నాం. మొదటి ఏడాది దుప్పట్లు పంచాం. రెండో ఏడాది బియ్యం బస్తాలు. ఇప్పుడు చేస్తున్న పద్ధతి ఆ రెండేళ్ల పొరపాట్ల నుంచి నేర్చుకున్నది. డబ్బు ఎవరికి పంపాలి అని అడిగేముందు, ఊళ్లో మీ తరఫున ఎవరు తిరుగుతారు అని అడగండి. ఇంటింటికీ వెళ్లి, తలుపు తట్టి, పొయ్యి వెలిగిందో లేదో చూసే మనిషి దొరికితే కొద్ది డబ్బుతోనే చాలా పని జరుగుతుంది. ఆ మనిషి లేకపోతే లక్షలు పంపినా చివరికి ఫొటోలే మిగులుతాయి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- ఊళ్లో తిరిగే మనిషి ఒకరు. ఆ మనిషికి చుట్టం కాని మరొకరు, అప్పుడప్పుడు చూసి చెప్పడానికి.
- ఖాతా పెట్టి సరుకులిచ్చే కిరాణా కొట్టు, బిల్లు రాసిచ్చే మందుల షాపు.
- మీ పేరున భారత్‌లో ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉంటున్న మనవాళ్లకు భారత్‌లోని బ్యాంకులు ఇచ్చే ఖాతాలు ఇవి).
- మొదటి రూపాయి పంచకముందే చేతిలో 6 నెలల ఖర్చు.
- ఒక లాంగ్ నోటుబుక్కు. ఫోన్‌లో పెట్టుకునే లెక్క వేరు, ఊళ్లో ఉండే పుస్తకం వేరు. పుస్తకం తప్పనిసరి.

1. మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇది. తర్వాత టెన్షన్ పడేదీ దీని దగ్గరే. విదేశీ విరాళాలను నియంత్రించే 2010 నాటి చట్టం, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అనేది, మీ ఊరు ఏదని చూడదు. మీ పౌరసత్వం ఏదని చూస్తుంది.

మీది ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టే అయితే, మీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. ఊళ్లోని ట్రస్టుకు కూడా ఇవ్వొచ్చు. వాళ్లు పాస్‌పోర్టు కాపీ అడిగితే అనుమానించకండి. అడగడం వాళ్ల జాగ్రత్త.

మీరు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల పౌరసత్వం తీసుకుని ఉంటే, చేతిలో ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, ట్రస్టుకో సొసైటీకో మీరిచ్చేది విదేశీ విరాళమే. ఎన్ఆర్ఓ ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా అంతే. తీసుకునే సంస్థకు కేంద్ర హోం శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఆ సంస్థ పేరున ఉన్న ఖాతాకే రావాలి. “అదంతా ఎందుకండీ, మా లోకల్ ఖాతాలో వేసేయండి” అని ఎవరైనా అంటే వేయకండి. తనిఖీ వచ్చిన రోజున ఇబ్బంది పడేది వాళ్లు, వాళ్లను నమ్ముకున్న ముసలివాళ్లు.

అదే సవరణతో ఇంకో దారి కూడా మూసుకుపోయింది. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని వేరే సంస్థకు బదిలీ చేయకూడదు. కాబట్టి “హైదరాబాద్‌లో ఫలానా సంస్థకు వేస్తాం, వాళ్లు మా ఊరి సంఘానికి ఇస్తారు” అన్న ఏర్పాటు చెల్లదు. ఆ సంస్థే మీ ఊళ్లో స్వయంగా పని చేస్తానంటే సరే.

మీ సొంత బంధువులకు పంపుకోవడానికి ఈ తలనొప్పి లేదు. విదేశీ పౌరుడైన బంధువు నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటి వస్తే మాత్రం తీసుకున్నవాళ్లు 3 నెలల్లోపు హోం శాఖకు తెలియజేయాలి.

*హెచ్చరిక:* ప్రభుత్వ ఉద్యోగులు, ఎన్నికల్లో పోటీ చేస్తున్నవాళ్లు, చట్టసభల సభ్యులు, పత్రికల్లో రాసే విలేకరులు విదేశీ విరాళం తీసుకోకూడదు. పంచాయతీకి ఎన్నికైనవాళ్లూ ఆ జాబితాలోకే వస్తారు. మనవాళ్లు నమ్మకంతో డబ్బు వేసేది మాత్రం సరిగ్గా వీళ్ల ఖాతాల్లోనే: చదువు చెప్పిన సర్కారు బడి మాస్టారు, చిన్నప్పటి స్నేహితుడైన సర్పంచ్. మీరు విదేశీ పౌరులైతే వాళ్ల మాట సాయం తీసుకోండి, ఖాతా నంబరు తీసుకోవద్దు.

మీ బృందంలో రెండు రకాల పాస్‌పోర్టులవాళ్లూ ఉంటే డబ్బు కలపకండి. మేము మా 7 మందిని రెండుగా విడదీసుకున్నాం. భారత పౌరులం నేరుగా ఊరి ఖర్చు చూస్తాం. విదేశీ పౌరసత్వం ఉన్న ముగ్గురూ రిజిస్ట్రేషన్ ఉన్న ఒక కంటి ఆసుపత్రి ట్రస్టుకు ఇస్తారు. ఇది తేల్చుకోవడానికి ఒక చార్టర్డ్ అకౌంటెంటుతో గంటసేపు కూర్చున్నాం. మీరూ ఒకసారి కూర్చోండి.

పన్ను సంగతి: అమెరికాలో ఉన్నవాళ్లు ఊరికి నేరుగా పంపినదానికి అక్కడ మినహాయింపు రాదు. అక్కడ 501(సి)(3) గుర్తింపు ఉన్న సంస్థకు ఇస్తేనే వస్తుంది. బ్రిటన్‌లో గిఫ్ట్ ఎయిడ్ ఉంది. అక్కడి పన్ను కట్టేవారు అక్కడ నమోదైన చారిటీకి ఇస్తే ప్రతి పౌండుకు ఇంకో 25 పెన్నీలు ఆ చారిటీకి చేరతాయి. పన్ను మిగలడం ముఖ్యమా, ఫలానా అవ్వకు మందులు అందడం ముఖ్యమా అన్నది మీరే తేల్చుకోండి. రెండూ ఒకే దారిలో దొరకడం అరుదు.

2. ఊళ్లో తిరిగే మనిషిని ఎంచుకోండి

బావమరిదినో పిన్ని కొడుకునో పెట్టకండి. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. లెక్క అడగాల్సి వచ్చినప్పుడు మీ నోరు పెగలదు, అడిగితే పెళ్లిళ్లకు రాకపోకలు ఆగిపోతాయి. వచ్చే ఎన్నికల్లో నిలబడాలనుకునే వాళ్లనూ పెట్టకండి. మీ సాయం వాళ్ల ప్రచారమైపోతుంది, ఎదుటి పార్టీ వీధిలో ఉన్న ముసలివాళ్ల పేర్లు రాలిపోతాయి.

మాకు బాగా కుదిరింది డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసిన అనుభవమున్న ఒక ఆవిడ. లెక్క రాయడం వచ్చు, ప్రతి వాడకూ వెళ్లడం అలవాటు, ఆడవాళ్లు వంటింట్లోకి రానిస్తారు. ప్రైవేటు బడిలో చేసి మానేసిన టీచరైనా, ఊళ్లో ఉండే చదువుకున్న కోడలైనా సరిపోతారు.

నెలకు ఇంత అని గౌరవ వేతనం ఇవ్వండి. “సేవ కదా, ఉచితంగా చేస్తారు” అనుకుంటే మూడు నెలలకే పని నీరుగారిపోతుంది. వర్షంలో బురద తొక్కుకుంటూ తిరిగే మనిషికి పెట్రోలు, ఫోను ఖర్చు ఉంటాయి.

*హెచ్చరిక:* ఆవిడ ఖాతాలో మొత్తం డబ్బు వేసి పంచమనకండి. చుట్టం కానివాళ్ల నుంచి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి వచ్చిన కానుక, తీసుకున్నవాళ్ల ఆదాయం కింద పన్నుకు వస్తుంది. ఊరంతటికీ పంచిన డబ్బుకు ఆవిడకు నోటీసు రావడం అన్యాయం.

3. పేర్లు ఎలా రాసుకోవాలి

ఊళ్లో చాటింపు వేయకండి. ఇలా సాయం వస్తోందని తెలిస్తే మొదట వచ్చేది నోరున్నవాళ్లు. మంచంలో ఉన్నవాళ్లు రాలేరు.

ముగ్గురిని విడివిడిగా అడగమనండి. ఆశా కార్యకర్తకు ఎవరు మంచం పట్టారో తెలుసు. రేషన్ డీలరుకు ఎవరు బియ్యానికి రావడం మానేశారో తెలుసు. కిరాణా కొట్టాయనకు ఎవరు పది రూపాయల నూనె అడుగుతున్నారో తెలుసు. ఈ మూడు జాబితాల్లో కనీసం రెండింట్లో ఉన్న పేర్లు ముందు రాసుకోండి.

తర్వాత మీ వీధి దాటండి. ఈ మాట కొంచెం గట్టిగానే చెబుతాను. విదేశాల్లో ఉన్న మనలో చాలామందికి ఊరంటే తెలిసింది మన వీధి, గుడి, బడి. మా మొదటి జాబితాలో ఎస్సీ కాలనీ నుంచి ఒక్క పేరూ లేదు. చెరువు గట్టున ఉండే యానాది కుటుంబాలు లేవు. అక్కడ ఎవరికీ అవసరం లేదని కాదు, మాకెవరికీ అక్కడి పేర్లు తెలియవు. ఇప్పుడు మా 23 మందిలో 14 మంది ఆ రెండు చోట్ల నుంచే.

ప్రతి ఇంటికీ సాయంత్రం పూట వెళ్లమనండి, అన్నం వండుకునే వేళ. అక్కడ చూసి రాయాల్సినవి ఇవి:

- గిన్నెలో ఏముంది, పొద్దున ఏం తిన్నారు
- మందులున్నాయా, వాటిలో ఎన్ని అయిపోయాయి
- మంచం ఎక్కడుంది, మరుగుదొడ్డికి ఎలా వెళ్తున్నారు
- పింఛను వస్తోందా, వస్తే ఎవరు తెస్తున్నారు
- ఫోన్ చేస్తే పలికే పిల్లలున్నారా
- వాళ్ల నోటితో వాళ్లు అడిగే ఒక్క అవసరం

చివరిది మరవద్దు. మేము బియ్యం అనుకున్న ఇంట్లో అడిగింది లైటు బల్బు. రాత్రిపూట లేచి పడిపోతానని ఆ అవ్వ భయం.

4. మీ డబ్బు కంటే ముందు, వాళ్లకు రావాల్సినది ఇప్పించండి

ఈ గైడులో ఒక్క మెట్టు మాత్రమే చేయగలిగితే ఇదే చేయండి. లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయల పింఛను. వికలాంగులకు 6,000. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో వృద్ధులకు 2,016, వికలాంగులకు 4,016. ఆగిపోయిన ఒక్క 4,000 పింఛను మళ్లీ పడితే ఏడాదికి 48,000. అంత డబ్బు ఒక్క మనిషికి మనం పంపలేం. దానికి కావాల్సింది ఆఫీసు చుట్టూ తిరిగే ఓపిక. మీరు గౌరవ వేతనం ఇస్తున్నది ముఖ్యంగా ఈ ఓపికకే.

పింఛను ఎందుకు ఆగిందో, లేదా ఎందుకు మొదలే కాలేదో చూస్తే కారణాలు ఎప్పుడూ ఒకలాగే ఉంటాయి: ఆధార్‌లో వయసు తప్పు, భర్త మరణ ధ్రువీకరణ పత్రం తీసుకోకపోవడం, కొడుకు రేషన్ కార్డులోనే పేరుండటం, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేకపోవడం, వేలిముద్ర పడకపోవడం.

వేలిముద్ర సంగతి నేను కళ్లారా చూశాను. జీవితమంతా మిరపకాయలు కోసి, కలుపు తీసిన ఒక అవ్వ బొటనవేలు. గీతలన్నీ అరిగిపోయి నున్నగా గులకరాయిలా ఉంది. మిషన్ మీద పెట్టడం, ఎర్ర లైటు రావడం. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎవరో చెప్పారని వేలిని తలకు రాసుకుని, ఆ నూనె జిడ్డుతో మళ్లీ పెట్టింది. నాలుగోసారి కూడా పడకపోతే, “నా చెయ్యే తప్పేమో నాయనా” అంది. కంటిపాపతో చూసే పరికరం పెట్టాక ఒక్కసారికే సరిపోయింది. ఆ పరికరం అడగాలని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కంటిపాపతో గానీ, ముఖం చూసి గానీ చేసే వీలుందా అని మీ మనిషిని అడగమనండి.

ఎక్కడికి వెళ్లాలి: ఆంధ్రలో గ్రామ సచివాలయం, తెలంగాణలో మీసేవ, మండల పరిషత్ ఆఫీసు. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ. అర్జీ ఇచ్చిన రసీదు నంబరు పుస్తకంలో రాయాలి. నంబరు ఉంటేనే వచ్చే సోమవారం అడగగలరు.

ఇంకొన్ని తెలుసుకోండి. తెలంగాణలో ఉచిత వైద్యానికి ఉన్న ఆరోగ్యశ్రీ పథకం పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆపరేషన్‌కు చందాలు వసూలు చేసేముందు ఆ జబ్బు పథకంలో ఉందేమో కనుక్కోండి. కాలు పోయినవాళ్లకు జైపూర్ పాదం ఉచితంగా అమర్చే కేంద్రాలున్నాయి. వృద్ధుల సహాయానికి 14567, పిల్లల కోసం 1098 నంబర్లు దేశమంతటా పనిచేస్తాయి. ఆస్తి రాయించుకుని అమ్మానాన్నలను వదిలేసిన కేసుల్లో 2007 నాటి చట్టం కింద ఆర్డీవో దగ్గర పోషణ కోరుతూ దరఖాస్తు పెట్టొచ్చు. ఈ చివరిది మాత్రం ఆ పెద్దవాళ్లు తమంతట తాము కోరితేనే. కొడుకు మీద కాగితం పెట్టించి మనం ఫ్లైటెక్కేస్తే, మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఉండాల్సింది వాళ్లే.

5. సాయం ఏ రూపంలో ఇవ్వాలి

*నగదు:* మనిషి తిరగగలిగి, ఖాతా తన చేతిలోనే ఉంటే ఇదే మేలు. వాళ్ల డబ్బు వాళ్ల ఇష్టం. ఒక్కటి చూసుకోండి, ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది? కొడుకు జేబులో ఉంటే సరుకుల పద్ధతికి మారండి.

*కిరాణా ఖాతా:* కొట్టుకు మీ ఖాతా నుంచి నేరుగా కట్టండి, పేరుకు ఇంత అని పరిమితి పెట్టండి. రేషన్ కార్డు ఉన్న ఇంటికి బియ్యం కొనకండి. వాళ్లకు దొరకనివి కందిపప్పు, నూనె, గుడ్లు, పాలు, సబ్బు. పళ్లు లేనివాళ్లకు రవ్వ, అటుకులు లాంటివి. మారు సరుకు అడిగితే ఇవ్వమని కొట్టాయనకు ముందే చెప్పండి. నెలకోసారి మసాలా సామాను కొనుక్కుని కోడికూర వండుకుంటానంటే మనం కాదనేదేముంది?

*మందులు:* బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. అక్కడ దొరకనివి జన ఔషధి షాపులో, మిగిలినవి బయట. మీ దేశం నుంచి మాత్రలు, టానిక్కులు పంపకండి. పేర్లు వేరు, మోతాదులు వేరు, అక్కడ చదివి చెప్పేవాళ్లుండరు.

*వండిన భోజనం:* మంచం పట్టినవాళ్లకు సరుకులిస్తే ఎవరు వండుతారు? పక్కింటావిడకు నెలకు ఇంత ఇచ్చి రెండు పూటలా ఒక క్యారేజీ పెట్టించండి. మా అనుభవంలో ఖర్చుకు తగిన ఫలితం అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది ఇక్కడే. అన్నంతోపాటు రోజుకు రెండుసార్లు ఒక మనిషి ఆ గుమ్మం తొక్కుతుంది కదా.

*వస్తువులు:* ఇక్కడ చాలా జాగ్రత్త. నాలుగేళ్ల కిందట ఒక పెద్దాయనకు మంచి వీల్ చైర్ కొనిచ్చాం. మరుసటి ఏడు నేను వెళ్లేసరికి అది మడిచి మూలన ఉంది, చేతుల మీద తువ్వాళ్లు ఆరేసున్నాయి. ఆయన మాత్రం గుమ్మం లోపల నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. గడప ఎత్తు నా మోకాలికి ఇంచుమించు సమానం. గడప దాటితే మూడు మెట్లు, మెట్లు దిగితే బురద సందు. ఆయన బయటికి రావడానికి కావాల్సింది సిమెంటు వాలు, గోడకు ఒక ఇనుప కమ్మీ. మేస్త్రీ రెండు రోజుల్లో కట్టేశాడు. అప్పటి నుంచి ఏ వస్తువు కొనాలన్నా ముందు గడప, సందు, మరుగుదొడ్డి ఫొటోలు తెప్పించుకుంటున్నాం. వినికిడి యంత్రమైతే బ్యాటరీలు ఎవరు మారుస్తారో, గాలి పరుపైతే కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో ముందే అడగండి.

6. డబ్బు లెక్క, పంపే పద్ధతి

ఉదాహరణకు 10 మంది అనుకోండి. మనిషికి 1,500 చొప్పున 15,000. గౌరవ వేతనం 3,000. ఉన్నట్టుండి వచ్చే ఆసుపత్రి ఖర్చుకు 2,000. నెలకు 20,000, ఏడాదికి 2,40,000. ఆరుగురు కలిస్తే తలా నెలకు 3,400 లోపే. ఆ డబ్బు ఏ నెలకానెల వసూలు చేయాలంటే గుర్తుచేసే బాధ ఒక్కరిదే అవుతుంది. 3 నెలలకోసారి ముందుగా తీసుకోండి.

విదేశం నుంచి పంపేటప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్, అంటే డబ్బు ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్ అడుగుతుంది. కుటుంబ పోషణకు పీ1301, వ్యక్తులకు ఇచ్చే కానుకలకు పీ1302, ధార్మిక, సేవా సంస్థల విరాళాలకు పీ1303. ఏది నిజమో అదే పెట్టండి. సంస్థకు పంపుతూ కుటుంబ పోషణ అని రాస్తే తర్వాత ఏ కాగితమూ సరిపోలదు. బ్యాంకును తప్పించి డబ్బు చేరవేసే హుండీ, హవాలా దారుల జోలికి అసలు పోవద్దు.

7. ముగ్గురితో మొదలుపెట్టండి

జాబితాలో 10 మంది ఉన్నా మొదటి 3 నెలలు ముగ్గురికే ఇవ్వండి. ఒకరికి నగదు, ఒకరికి కిరాణా, ఒకరికి భోజనం. ఎక్కడ తేడా వస్తుందో అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత నెలకు ఇద్దరి చొప్పున పెంచండి.

సంస్థకే ఇద్దామనుకుంటే

ఊళ్లో మనిషి దొరక్కపోతే వృద్ధాశ్రమానికో అనాథ పిల్లల గృహానికో ఇవ్వొచ్చు. పిల్లల గృహమైతే బాల న్యాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ పత్రం చూపించమనండి, అది తప్పనిసరి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు వెతకండి. విదేశీ పౌరులైతే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ గడువు కూడా చూడండి. 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, పాత కాగితం చూపించేవాళ్లుంటారు. మీకు భారత్‌లో అద్దె లాంటి ఆదాయం ఉంటే విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే రసీదు (80జి అని పిలిచేది) అడగండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అది అక్కరకు రాదు.

ఆగస్టు 15న, పండగల్లో ఆశ్రమాలకు భోజనాలు పెట్టేవాళ్లు ఒకే రోజు పోటెత్తుతారు. “ఏ తేదీన ఎవరూ లేరు?” అని అడిగి ఆ రోజు తీసుకోండి. ఇంకా మంచిది, కరెంటు బిల్లో ఆయా జీతమో కట్టండి. వాటికి ఎవరూ ముందుకు రారు.

తరచూ జరిగే పొరపాట్లు

ఫొటో కోసం వరసలో నిలబెట్టడం. బ్యానరు కట్టి, దాత పేరు చదివి, సంచి చేతిలో పెట్టి కెమెరా వైపు చూడమనడం. ఒకప్పుడు పది ఎకరాలు సాగుచేసిన మనిషిని మనవళ్ల వయసువాళ్ల ముందు చెయ్యి చాపి నిలబెడితే ఆ రాత్రి ఆయనకు అన్నం దిగుతుందా? మాకు ఫొటో కావాలంటే పాస్‌బుక్కుది, బిల్లుది, ఖాళీ మాత్రల షీటుది. ముఖాలు వద్దు.

హఠాత్తుగా ఆపేయడం దీనికన్నా పెద్ద తప్పు. ఉద్యోగం పోవచ్చు, బృందంలో మాట తేడా రావచ్చు. వచ్చిన నెలే ఆపేస్తే, మీ మీద ఆధారపడి అప్పటిదాకా చేస్తున్న చిన్న ఏర్పాట్లు మానుకున్నవాళ్లు నడిరోడ్డున పడతారు. 6 నెలల నిల్వ అడిగింది ఇందుకే. ఆపాల్సి వస్తే 3 నెలల ముందు చెప్పండి.

భవనం కట్టడం కూడా ఆలోచించే చేయండి. శిలాఫలకం బాగుంటుంది. తాళం తీసే మనిషి జీతం, బోరు రిపేరు ఎవరివో రాసుకోకుండా పునాది వేయకండి.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది

“డబ్బులు అందాయా?” అని అడగకండి. ఎవరైనా అందాయనే అంటారు. నెలకు ఇద్దరికి ఫోన్ చేసి మామూలుగా మాట్లాడండి. “ఈ వారం గుడ్లు ఎన్ని తెచ్చుకున్నావు పెద్దమ్మా? క్యారేజీలో నిన్న ఏం కూర వచ్చింది? మాత్రలు పొద్దున వేసుకుంటున్నావా, రాత్రా?” జవాబులు తడబడితే రెండో మనిషిని వెళ్లి చూడమనండి.

ఈ గుర్తులు కనిపిస్తే లోతుగా చూడండి: బిల్లులన్నీ ఒకే రోజు, ఒకే చేతిరాతతో రాసినట్టుండటం. అన్నీ వందల్లో తేలే గుండ్రటి మొత్తాలు. మాత్రల బిల్లు ఉంది, ఖాళీ షీటు లేదు. ఏడాదిగా జాబితాలో ఒక్క పేరూ మారకపోవడం. ముసలివాళ్ల జాబితా అలా ఉండదు. చనిపోయినవాళ్ల పేరు మీద సరుకులు వెళ్తున్నాయేమో చూసుకోవాలి.

పని బాగుందనడానికీ గుర్తులున్నాయి. ఆగిన పింఛన్లు ఎన్ని మళ్లీ పడ్డాయో లెక్క పెరుగుతుంది. మీరు అడగకుండానే మీ మనిషి “ఈవిడకు ఇక అవసరం లేదండి, కూతురు తీసుకెళ్లింది” అని చెబుతుంది. ఆ మాట విన్న రోజు మాకు చాలా ధైర్యం వచ్చింది.

జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరి పేరు పక్కన ఇంకో వరస ఉంచండి: పోయినప్పుడు ఎవరికి కబురు చేయాలి, దహనమా ఖననమా, ఖర్చుకు ఎంత. ఇది మన నోటికి కష్టంగా ఉంటుంది, వాళ్లకు ఉండదు. మేము అడగడానికి మొహమాటపడుతుంటే ఒక తాత, “అడిగినవాళ్లు లేకే కదా భయం” అని కొడుకు నంబరు, పెట్టెలో దాచిన పంచె సంగతి చెప్పి రాయించారు.

ఇక మీరు ఊరికి వెళ్లినప్పుడు. సన్మానం పెడతామంటారు, వద్దనండి. ముందు చెప్పకుండా సాయంత్రం పూట నోటుబుక్కు తీసుకుని నాలుగు ఇళ్లకు వెళ్లండి. నేల మీద కూర్చోండి. పుస్తకంలో ఆ పేరు దగ్గర రాసింది గట్టిగా చదివి వినిపించి, “ఇందులో ఏదైనా అందనిది ఉందా?” అని అడగండి. వాళ్లు చెప్పింది అక్కడే, వాళ్ల ముందే, మీ చేత్తో రాయండి.